పాత జెట్ల ఆటోపైలట్: సిమ్యులేటర్‌లో బేగంపేట నుంచి రేణిగుంట దాకా

బోయింగ్ 737-200 విమానంలోని ఆటోపైలట్‌కు తెలిసిన సంగతులు చాలా కొద్ది. విమానం పక్కకు ఎంత ఒరిగింది, ముక్కు ఎంత పైకెత్తి ఉంది, దిక్సూచి ఏ దిక్కు చూపుతోంది, బయట గాలి పీడనం ఎంత, రేడియో స్టేషన్ గీసిన దారికి విమానం ఎడమన ఉందా కుడిన ఉందా. దాదాపు ఇంతే. బయల్దేరిన ఊరు దానికి తెలియదు, చేరాల్సిన ఊరూ తెలియదు. వేగం పడిపోతున్నా ఇంజన్ల జోలికి పోదు. ముందు కొండ ఉన్నా, అప్పజెప్పిన దిక్కునే పట్టుకుని పోతుంది.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1964లో కారవెల్‌తో జెట్ విమానాల కాలంలో అడుగుపెట్టింది. 1970ల నుంచి చాలాకాలం దేశీయ మార్గాల్లో భారం మోసినవి 737-200లే. అంతకుముందే 1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707ను, తర్వాత 1971లో 747ను తెచ్చుకుంది. ఈ తరం విమానాల్లో ఒక్కో రకానికి ఒక్కో ఆటోపైలట్ ఉండేది. 707లో బెండిక్స్ కంపెనీ పీబీ-20, 727లో స్పెర్రీ ఎస్‌పీ-50, 737-200లో స్పెర్రీ ఎస్‌పీ-77, 747లో అదే కంపెనీ ఎస్‌పీజడ్-1. ఇప్పుడు ఈ విమానాలు ఎక్కడానికి దాదాపు దొరకవు. ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే ఎక్స్-ప్లేన్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ వంటి సిమ్యులేటర్లలో మాత్రం దొరుకుతాయి. కొత్త తరం విమానాలకు అలవాటుపడ్డవారు వీటిలో కూర్చుంటే మొదటి గంటలో ఎక్కువమందికి కలిగే అనుమానం ఒకటే: ఆటోపైలట్ పాడైందని. నిజానికి అది చెప్పిన పని చెప్పినట్టే చేస్తూ ఉంటుంది. చెప్పని పని చేయకపోవడమే వారికి కొత్త.

జైరోస్కోప్ నుంచి మొదలు

వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిశను మార్చుకోవడానికి ఒప్పుకోదు. దాన్ని అన్ని వైపులా తిరగగలిగే చట్రంలో బిగిస్తే, విమానం ఎటు ఒరిగినా చక్రం మాత్రం అలాగే నిలుస్తుంది. ఆ రెండింటి మధ్య కోణాన్ని కొలిస్తే విమానం ఎంత ఒరిగిందో తెలిసిపోతుంది. అమెరికన్ ఇంజనీర్ ఎల్మర్ స్పెర్రీ కొడుకు లారెన్స్ స్పెర్రీ ఈ సూత్రంతో యంత్రం కట్టి, 1914 జూన్ 18న పారిస్ దగ్గర సీన్ నది మీద ప్రదర్శించాడు. అతను చేతులు పైకెత్తి కూర్చున్నాడు, అతని మెకానిక్ రెక్క మీదికి నడిచివెళ్లాడు, అయినా విమానం ఒరగకుండా సాగిపోయింది. 1933లో వైలీ పోస్ట్ ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చినప్పుడు అతనికి తోడు స్పెర్రీ ఆటోపైలట్ మాత్రమే. ఆ ప్రయాణం ఎనిమిది రోజుల లోపే ముగిసింది.

జైరో తప్పు చెబితే దాన్ని నమ్మినవారికి ప్రమాదం తప్పదు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా 747 బాంద్రా తీరం దగ్గర సముద్రంలో కూలి 213 మంది చనిపోయారు. విమానం ఒరుగును చూపే కెప్టెన్ వైపు పరికరం తప్పు చూపడం, చీకట్లో ఆయన దాన్నే నమ్మడం ఆ ప్రమాదానికి దారితీశాయి. ఆటోపైలట్ కూడా ఇలాంటి జైరో సంకేతాల మీదే బతుకుతుంది. మంచి సిమ్యులేటర్లలో జైరోను కావాలని చెడగొట్టి చూసే వీలుంటుంది. పాత జెట్ నేర్చుకునేవారు ఒకసారైనా అది చేసి చూడాలి. ఆటోపైలట్ ఏ తొట్రుపాటూ లేకుండా విమానాన్ని నెమ్మదిగా బోల్తా కొట్టిస్తుంది.

తప్పును దిద్దే చక్రం

ఆటోపైలట్ లోపల జరిగేది ఒక కొలత, ఒక పోలిక, ఒక దిద్దుబాటు. ఉండాల్సిన ఒరుగు సున్నా, ఉన్న ఒరుగు 4 డిగ్రీలు అయితే తేడా 4 డిగ్రీలు. ఆ తేడాకు తగ్గట్టు రెక్కల వెనక అంచుల్లోని పలకలు, అంటే ఐలరాన్లు, కదులుతాయి, విమానం వెనక్కి ఒరుగుతుంది, తేడా తగ్గుతుంది, ఐలరాన్లు కూడా వెనక్కి వస్తాయి. అయితే తేడాను మాత్రమే చూసే యంత్రం కుదురుగా ఆగదు. విమానం బరువైనది కాబట్టి తేడా సున్నా అయ్యేసరికి అది ఇంకా తిరుగుతూనే ఉండి రెండో వైపుకు దాటిపోతుంది. సైకిల్ కొత్తగా నేర్చుకునే పిల్లవాడు హ్యాండిల్‌ను అటూ ఇటూ అతిగా తిప్పుతూ రోడ్డంతా పాములా పోవడం ఇలాంటిదే. అందుకే ఎంత వేగంగా తిరుగుతోందో కూడా కొలిచి, ఆ వేగానికి ఎదురుగా కొంత బ్రేకు వేస్తారు. గాలి ఒకే పక్క నుంచి నెడుతూ ఉంటే చిన్న తేడా ఎప్పటికీ మిగిలిపోతుంది. దాన్ని తీర్చడానికి తేడాను కాలంతో పాటు కూడబెట్టి, ఆ మొత్తాన్ని బట్టి దిద్దుతారు.

ఇది లోపలి చక్రం. దానికి బయట మరో చక్రం ఉంటుంది. "165 డిగ్రీల దిక్కుకు పో" అని చెబితే, బయటి చక్రం దిక్కులోని తేడాను చూసి "20 డిగ్రీలు ఒరుగు" అని లోపలి చక్రానికి ఆజ్ఞ ఇస్తుంది, లోపలిది ఐలరాన్లను కదిలిస్తుంది. కొత్త విమానాల్లో ఈ రెండింటికీ పైన మూడో చక్రం కూడా ఉంది: దారి మొత్తాన్ని, వేగాన్ని, దిగే చోటును లెక్కవేసి కింది చక్రాలకు ఆజ్ఞలిచ్చే కంప్యూటర్. పాత జెట్లలో ఆ మూడో చక్రం పైలటే. ఈ అధ్యాయంలో చెప్పబోయే పద్ధతులన్నీ ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

1960ల్లో ఈ లెక్కలు అంకెలతో జరగలేదు. 5 వోల్టులంటే ఇన్ని డిగ్రీలు అన్నట్టు విద్యుత్ పీడనమే సంఖ్య. కూడికలు, తీసివేతలు తీగల్లోనే జరిగిపోయేవి. ఆ సర్క్యూట్లు వేడెక్కితే కొంత జారేవి. రెండు 737లలో ఒకే మీట నొక్కినా అవి సరిగ్గా ఒకేలా ప్రవర్తించకపోవడం ఆ రోజుల్లో మామూలు. పట్టిన ఎత్తు నుంచి కొన్ని అడుగులు అటూ ఇటూ నెమ్మదిగా తేలడం పాత జెట్‌లో లోపం కిందికి రాదు. సిమ్యులేటర్‌లో సూది కదలకుండా నిలిచిపోతే, ఆ నమూనా చేసినవారు కొత్త విమానం ఆటోపైలట్‌ను తెచ్చి పాత బొమ్మ వెనక పెట్టారని అనుమానించవచ్చు. సిమ్యులేటర్‌తో పాటు వచ్చే విమానాల్లోనూ, ఉచితంగా దొరికే చాలా నమూనాల్లోనూ ఇదే జరుగుతుంది. ఎక్స్-ప్లేన్ కోసం ఫ్లైజేసిమ్ సంస్థ చేసిన 737-200, ఫెలిస్ చేసిన 747-200 వంటివి అసలు యంత్రం పరిమితులతో సహా చూపించడానికి కష్టపడ్డ నమూనాలు.

బల్ల మీది మీటలు

ఎస్‌పీ-77 బల్ల మీద ముందు కనిపించేవి రెండు పెద్ద మీటలు. ఒకటి ఐలరాన్లకు, ఒకటి ఎలివేటర్లకు. రెండూ వేరువేరుగా పనిచేస్తాయి. పక్కకు ఒరగడం ఆటోపైలట్‌కు అప్పజెప్పి, పైకీ కిందికీ పోవడం పైలట్ తన చేతిలోనే ఉంచుకోవచ్చు. వాటి పక్కన దిక్కు కోసం హెడింగ్ సెలెక్ట్, ఎత్తు కోసం ఆల్టిట్యూడ్ హోల్డ్ మీటలు, రేడియో దారుల కోసం ఒక తిప్పుడు మీట. ఆ తిప్పుడు మీటకు మాన్యువల్, వీఓఆర్ లోక్, ఆటో అప్రోచ్, మాన్యువల్ గ్లైడ్ స్లోప్ అని స్థానాలు. విమానయాన సంస్థ కోరికను బట్టి బల్లలు కొంత మారేవి కానీ ఎముకల గూడు ఇదే.

మాన్యువల్‌లో ఉంచి రెండు పెద్ద మీటలూ వేస్తే ఆటోపైలట్ ఎటూ పోదు, ఉన్న భంగిమను పట్టుకుంటుంది. స్టీరింగును కాస్త కదిలించి వదిలితే కొత్త భంగిమను పట్టుకుంటుంది. దీన్ని కంట్రోల్ వీల్ స్టీరింగ్ అంటారు. 707లో ఇదే పని చిన్న గుండ్రటి బిళ్లతోనూ, పక్కనున్న చక్రంతోనూ చేస్తారు. బిళ్లను తిప్పితే విమానం తిరుగుతుంది, చక్రాన్ని తోస్తే ముక్కు దిగుతుంది.

స్టీరింగుతోనే ఆటోపైలట్‌ను నడిపే ఈ సౌకర్యం ఒక ఉచ్చు కూడా. 1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి లాక్‌హీడ్ ట్రైస్టార్ మయామీ దగ్గర 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ మీద తిరుగుతోంది. ముక్కు చక్రం దిగిందని చెప్పే చిన్న దీపం వెలగలేదు, కాక్‌పిట్‌లో అందరూ ఆ దీపం మీదే పడ్డారు. ఎవరి చేయో, మోచేయో స్టీరింగును కొద్దిగా తోసింది. ఎత్తును పట్టుకునే పని అక్కడితో ఆగి, ఆటోపైలట్ కొత్త భంగిమను పట్టుకుంది. విమానం గమనించలేనంత మెల్లగా దిగి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలింది. 101 మంది చనిపోయారు. ఆటోపైలట్ ఆన్‌లో ఉందన్న దీపం మాత్రం చివరిదాకా వెలుగుతూనే ఉంది. అందుకే పాత జెట్‌లో ఏ మీట వేసినా, ఆ మీటను చూసి నమ్మకుండా ఎత్తు సూదినీ, దిక్కు సూదినీ కాసేపు గమనించే అలవాటు చేసుకోవాలి.

బేగంపేట నుంచి బయల్దేరడం

అభ్యాసానికి హైదరాబాద్ బేగంపేట నుంచి తిరుపతి విమానాశ్రయానికి ప్రయాణం బాగా కుదురుతుంది. 2008 మార్చిలో శంషాబాద్ వచ్చాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, సిమ్యులేటర్లలో మాత్రం రన్‌వే ఎప్పటిలా ఉంది. హైదరాబాద్‌కు ఈ విషయంలో మరో సంబంధం కూడా ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు శిక్షణ ఇచ్చే సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఇక్కడే పెట్టింది. హైడ్రాలిక్ కాళ్ల మీద ఊగే గది, లోపల అచ్చమైన కాక్‌పిట్ ఉండే పెద్ద సిమ్యులేటర్ల చోటు అది. ఇంటి బల్ల మీది సిమ్యులేటర్‌కు ఆ కాళ్లు లేవు, స్టీరింగు బరువు చేతికి తెలియదు. ఆటోపైలట్ మీటల వరసనూ, వాటి వెనక తర్కాన్నీ నేర్చుకోవడానికి అవి పెద్దగా అడ్డం కావు.

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం బేగంపేట నుంచి ఆకాశంలో సుమారు 237 నాటికల్ మైళ్లు, అంటే 440 కిలోమీటర్లు. దిక్కు 165 డిగ్రీల దగ్గర, దక్షిణానికి కొంచెం తూర్పుగా. బేగంపేట సముద్రమట్టం నుంచి 1,742 అడుగుల ఎత్తులో ఉంటే తిరుపతి రన్‌వే 350 అడుగుల్లోనే ఉంది. ఈ 1,400 అడుగుల తేడాను దిగేటప్పటి లెక్కలో మర్చిపోతే బాగా ఎత్తులో మిగిలిపోతారు.

గాలిలోకి లేచి చక్రాలు, ఫ్లాప్‌లు లోపలికి తీసుకున్నాక వెంటనే ఆటోపైలట్ వేయకూడదు. ముందు ట్రిమ్ చేయాలి. అంటే చేతులు వదిలినా విమానం అదే భంగిమలో ఉండేలా తోక రెక్కను సర్దాలి. ట్రిమ్ కుదరని విమానాన్ని ఆటోపైలట్‌కు ఇస్తే, దాని మోటారు ఆ బరువంతా మోస్తూ ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఆటోపైలట్ తీయగానే ముక్కు గభాలున లేస్తుంది లేదా పడుతుంది. సిమ్యులేటర్ కొత్తవారికి ఎదురయ్యే కుదుపుల్లో సగానికి కారణం ఇదే.

ట్రిమ్ అయ్యాక ఐలరాన్ మీట, ఎలివేటర్ మీట వేసి, దిక్కు బొత్తాన్ని 165కు తిప్పి హెడింగ్ సెలెక్ట్ వేయాలి. విమానం ఒరిగి తిరుగుతుంది. ఎక్కే పనిలో ఆటోపైలట్ ముక్కు భంగిమను పట్టుకుంటుందే గాని వేగాన్ని పట్టుకోదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచనై ఇంజన్ల బలం తగ్గుతుంది. భంగిమ అదే ఉంటే వేగం పడిపోతూ వస్తుంది. కాబట్టి రెండుమూడు వేల అడుగులకొకసారి ముక్కును కొంచెం దించి, వేగాన్ని 280 నాట్ల దగ్గర నిలపాలి. ఈ పనిని మర్చిపోయి కాఫీకి లేచినవారికి తిరిగొచ్చేసరికి స్టీరింగు గడగడలాడుతూ స్టాల్ హెచ్చరిక వినిపిస్తుంది.

వేగం విషయంలో పెద్ద పాఠం 1985 ఫిబ్రవరి 19న జరిగింది. చైనా ఎయిర్‌లైన్స్ 747ఎస్‌పీ పసిఫిక్ మీద 41,000 అడుగుల్లో ఎగురుతుండగా కుడిచివరి ఇంజన్ ఆగిపోయింది. ఆటోపైలట్ ఎత్తును వదలకుండా పట్టుకుంది, ఆ ప్రయత్నంలో వేగం కరిగిపోయింది. ఒక పక్కే లాగుతున్న ఇంజన్లకు ఎదురుగా అది ఐలరాన్లను తిప్పుతూ పోయింది. రడ్డర్ దాని చేతిలో లేదు. కెప్టెన్ ఆటోపైలట్ తీసేసరికి విమానం బోల్తా కొట్టి సుమారు 30,000 అడుగులు పడిపోయింది. 9,500 అడుగుల దగ్గర ఎలాగో నిలబడి, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగింది. అందరూ బతికారు. ఈ సంఘటనను ఏ నాలుగు ఇంజన్ల పాత జెట్‌లోనైనా సిమ్యులేటర్ మీద తిరిగి చేసి చూడవచ్చు. వేగం సూది తప్ప మిగతా పరికరాల మీద పెద్దగా ఏ మార్పూ కనబడదు, స్టీరింగు మాత్రం కొంచెం కొంచెంగా ఒకవైపు తిరుగుతూ పోతుంది.

29,000 అడుగులు చేరుతున్నప్పుడు మరో సంగతి తెలుస్తుంది. ఆ ఎత్తు రాగానే తనంతట తానే ఆగే ఏర్పాటు ఈ ఆటోపైలట్‌లో లేదు. ఎత్తు దగ్గరపడిందని గంట మోగుతుంది, అంతే. పైలట్ వెయ్యి అడుగుల ముందు నుంచే ముక్కును దించుతూ, ఎక్కే వేగం దాదాపు సున్నా అయ్యాక ఆల్టిట్యూడ్ హోల్డ్ వేయాలి. నిమిషానికి 2,000 అడుగులు ఎక్కుతుండగా మీట వేస్తే విమానం ఎత్తును దాటిపోయి, మళ్లీ కిందికి వచ్చి, కొంతసేపు ఊగుతుంది. మామూలు బరువుతో ఉంటే ఈ పని ముగిసేసరికి కింద శ్రీశైలం జలాశయం కనబడుతుంది. బేగంపేట నుంచి గీసిన గీత దాదాపు దాని మీదుగానే పోతుంది.

గాలి, రేడియో దారి

హెడింగ్ సెలెక్ట్‌కు గాలి గురించి తెలియదు. అది ముక్కును 165 వైపు నిలుపుతుందే గాని విమానాన్ని 165 దారిలో నిలపదు. ఈ ఎత్తులో తెలుగు నేల మీద శీతాకాలంలో గాలి సాధారణంగా పడమటి నుంచి, నడి వర్షాకాలంలో తూర్పు నుంచి వీస్తుంది. 430 నాట్ల వేగంతో పోయే విమానాన్ని 40 నాట్ల అడ్డగాలి 5 డిగ్రీలకు కాస్త ఎక్కువే పక్కకు తోస్తుంది. 60 మైళ్లు పోయేసరికి దారి ఐదారు మైళ్లు తప్పుతుంది. పడమటి గాలి రోజున దిక్కు బొత్తాన్ని 170కి తిప్పాలన్నమాట.

ఈ సర్దుబాటు తప్పాలంటే వీఓఆర్ అనే రేడియో స్టేషన్ గీసే దారిని పట్టుకోవాలి. ముందు హెడింగ్ సెలెక్ట్‌తో ఆ దారిని ఏటవాలుగా కోసేలా పోతూ, మీటను వీఓఆర్ లోక్‌కు తిప్పి ఉంచాలి. సూది నడిమికి రాగానే ఆటోపైలట్ దిక్కును వదిలి దారిని పట్టుకుంటుంది. దారి అందనంత దూరంలో ఉంటే మీట తిప్పినా అది హెడింగ్‌లోనే సాగుతుంది. కొత్తవారిని బాగా మోసం చేసే చోటు ఇదే.

ఇలాంటి మోసమే 1983 సెప్టెంబర్ 1న 269 మంది ప్రాణాలు తీసింది. యాంకరేజ్ నుంచి సియోల్ పోతున్న కొరియన్ ఎయిర్‌లైన్స్ 747 ఇనర్షియల్ నావిగేషన్ చెప్పిన దారిలో పోవాల్సింది. బయల్దేరిన కొద్దిసేపటికే పట్టుకున్న 245 డిగ్రీల దిక్కులోనే సాగిపోయింది. దారికి 7.5 మైళ్ల లోపల ఉంటేనే ఆ వ్యవస్థ దారిని అందుకుంటుంది. ఆటోపైలట్ హెడింగ్‌లోనే ఉండిపోయిందని, సిబ్బంది అది గమనించలేదని 1993లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నివేదిక తేల్చింది. విమానం వందల కిలోమీటర్లు దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది, యుద్ధ విమానం దాన్ని కూల్చింది. ఆ దర్యాప్తును చదివినవారికి పాత జెట్ బల్ల మీద ఎదురుచూపు దీపం, పట్టుకున్న దీపం వేరువేరుగా ఎందుకు ఉంటాయో అర్థమవుతుంది.

వీఓఆర్ స్టేషన్ నెత్తి మీదికి వచ్చినప్పుడు సూది పిచ్చిగా ఊగుతుంది. స్టేషన్‌కు సరిగ్గా పైన ఒక గరాటు ఆకారంలో సంకేతం పనికిరాదు. ఆటోపైలట్ ఆ ఊపును నమ్మి విమానాన్ని విసరకుండా కొన్ని నమూనాల్లో ఏర్పాటు ఉంది, కొన్నింటిలో లేదు. స్టేషన్ దగ్గరపడగానే హెడింగ్ సెలెక్ట్‌కు మారిపోవడం మేలు. మరో చిన్న విశేషం: దూరం చూపే డీఎంఈ పరికరం నేల మీది దూరాన్ని చూపదు, ఏటవాలు దూరాన్ని చూపుతుంది. 29,000 అడుగుల్లో తిరుపతికి సరిగ్గా పైన ఉన్నా అది సుమారు 4.7 మైళ్లు చూపుతుంది.

దిగడం

దిగడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే యంత్రం లేదు కాబట్టి నోటి లెక్కే దిక్కు. దిగాల్సిన వేల అడుగులను మూడుతో గుణిస్తే కావాల్సిన మైళ్లు వస్తాయి. తిరుపతికి పడమటా, వాయవ్యంగానూ శేషాచలం కొండలున్నాయి. తిరుమల ఊరే 850 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఆ కొండలు దాటేదాకా 5,000 అడుగులకు కిందికి రాకుండా చూసుకుంటే, దిగాల్సింది 24,000 అడుగులు, మైళ్లు 72. వేగం తగ్గించుకోవడానికి మరో ఎనిమిది కలిపితే 80. అంటే ఉదయగిరి దాపుల్లో ఉండగానే ఇంజన్లను తగ్గించాలి. నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో తెలియాలంటే నేల మీది వేగాన్ని ఐదుతో గుణించాలి: 430 నాట్లకు 2,150 అడుగులు. వేగం తగ్గేకొద్దీ ఆ అంకె కూడా తగ్గుతుంది. మొత్తం ప్రయాణంలో నిలకడగా ఎగిరే భాగం పదినిమిషాలు కూడా ఉండదు. పాత జెట్‌లో దగ్గరి ఊళ్ల ప్రయాణం దూరప్రయాణం కంటే కష్టం.

పడమటి వైపు కొండలు కాబట్టి తూర్పు మైదానం మీదుగా వచ్చి పడమటి ముఖంగా దిగడం అభ్యాసానికి సుళువు. అందుకు రన్‌వేకు ఉత్తరంగా, దానికి సమాంతరంగా తూర్పుకు పోవాలి. హెడింగ్ సెలెక్ట్‌లో 080, వేగం 170 నాట్లు, మొదటి ఫ్లాప్‌లు బయటికి. ఏర్పేడు విమానాశ్రయానికి ఈశాన్యంగా సుమారు ఐదు నాటికల్ మైళ్ల దూరంలో ఉంది, ఈ దారికి అదే మలుపు గుర్తు. గూడూరు రైలుమార్గం, ఐఐటీ, ఐసర్ ఉన్న మండలం. సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాలు వాడుతుంటే వాటి భవనాలు కూడా కనబడవచ్చు. ఏర్పేడు దగ్గర దిక్కు బొత్తాన్ని కుడికి 170 దాకా తిప్పాలి.

ఎంత ముందుగా తిప్పాలన్నది వేగం మీద ఆధారపడుతుంది. మలుపు వ్యాసార్థం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25 డిగ్రీల ఒరుగుతో 170 నాట్ల దగ్గర అది 1.7 కిలోమీటర్లయితే, 210 నాట్ల దగ్గర రెండున్నర కిలోమీటర్లు, 29,000 అడుగుల్లో 430 నాట్లతో పదిన్నర కిలోమీటర్లు దాటుతుంది. వేగం తగ్గించుకోకుండా ఏర్పేడు చేరినవారు రన్‌వే గీతను దాటి దక్షిణానికి పోవడం అందుకే. సరిగ్గా తిరిగితే రన్‌వేకు సుమారు నాలుగు మైళ్ల దూరంలో ఆఖరి దారిలోకి వస్తారు. అక్కడ అల్టిమీటర్ 1,600 అడుగుల దగ్గర చూపాలి. మూడు డిగ్రీల వాలులో మైలుకు 300 అడుగులకు పైచిలుకు దిగుతారు, దానికి రన్‌వే ఎత్తు 350 కలపాలి. రన్‌వే కళ్లెదుట ఉన్నప్పుడు ఆటోపైలట్ తీసి చేత్తో దింపడమే మంచిది. పాత రన్‌వే పొడవు 2,286 మీటర్లు, 737-200కు చాలినంత.

రేడియో కిరణాల మీద ఆటోపైలట్‌తో దిగడం నేర్చుకోవాలంటే ఐఎల్ఎస్ ఉన్న చెన్నై మీనంబాక్కం దగ్గర్లోనే ఉంది. ఒక కిరణం రన్‌వే నడిగీతను, మరొకటి దిగే వాలును చూపుతాయి. మీటను ఆటో అప్రోచ్‌కు తిప్పి, వాలు కిరణానికి కింద నుంచే వచ్చి అందుకోవాలి. పైనుంచి వస్తే దాన్ని పట్టుకోలేక విమానం పైనే సాగిపోతుంది. ఈ కిరణాలు కోణాన్ని చూపుతాయే తప్ప మీటర్లను కాదు. పది మైళ్ల దూరంలో ఒక డిగ్రీ తప్పు అంటే 320 మీటర్లు, ఒక మైలు దూరంలో 32 మీటర్లే. కాబట్టి దగ్గరపడేకొద్దీ సూది పదింతలు చురుకవుతుంది. దిద్దుబాటు బలాన్ని తగ్గించకపోతే విమానం రన్‌వే ముందు పాములా ఊగుతుంది. ఆటో అప్రోచ్ సర్క్యూట్ ఆ బలాన్ని క్రమంగా తగ్గిస్తుంది. సిమ్యులేటర్‌లో ఆఖరి రెండు మైళ్లలో ఊపు పెరుగుతుంటే నమూనా చేసినవారు ఈ భాగాన్ని వదిలేశారని అర్థం.

నేలను తాకే పని కూడా ఆటోపైలట్ చేయడం 1965 జూన్ 10న లండన్‌లో దిగిన బీఈఏ ట్రైడెంట్‌తో ప్రయాణికుల విమానాల్లో మొదలైంది. అదే దశాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో కారవెల్‌లు కూడా పొగమంచులో అలా దిగాయి. మామూలు ఎస్‌పీ-77కు ఆ శక్తి లేదు. రన్‌వే దీపాలు కనబడగానే దాన్ని తీసి, వేగం, వాలు రెండూ చేతిలోకి తీసుకోవాలి. ఇంజన్లను మరీ తగ్గించి ఉంచకూడదు. ఆ నాటి జెట్ ఇంజన్‌కు ఖాళీ స్థితి నుంచి పూర్తి బలానికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

కంప్యూటర్ తెచ్చే చిక్కులు

కొన్ని తప్పులు విమానానివి కావు, కంప్యూటర్‌వి. చవక జాయ్‌స్టిక్ నడిమిలో నిలకడగా ఉండదు, చిన్న చిన్న సంకేతాలు పంపుతూ ఉంటుంది. కంట్రోల్ వీల్ స్టీరింగ్ ఉన్న నమూనా ఆ సంకేతాలను పైలట్ చేయి అనుకుని భంగిమను మార్చుకుంటూ పోతుంది. సెట్టింగులలో నడిమి భాగాన్ని కొంత మొద్దుబార్చితే ఇది పోతుంది. దూరప్రయాణంలో కాలాన్ని నాలుగింతలో ఎనిమిదింతలో వేగంగా నడిపితే ఆటోపైలట్ ఊగిసలాడుతుంది. దిద్దుబాటు చక్రం సెకనుకు ఇన్నిసార్లు తిరుగుతుందన్న లెక్క మీద కట్టిన బలాలు, ప్రతి దిద్దుబాటుకూ మధ్య విమానం నాలుగింతలు కదిలేసరికి అతి అవుతాయి. తెర మీద బొమ్మలు నత్తనడకన మారే పాత కంప్యూటర్లలో కూడా ఇదే ఊపు కనిపించవచ్చు. అలాంటప్పుడు రేడియో దారిని వదిలి హెడింగ్ సెలెక్ట్‌లో ఉంచి, మలుపులకు ముందు కాలాన్ని మామూలు వేగానికి తెచ్చుకోవాలి.